పిలుపుల బండి

జ్యేష్ఠ బహుళ ద్వాదశి

ఇది రాయకుండానే గడిపేద్దామనుకున్నాను. నిన్న కలం తెచ్చి పెట్టారు, వీపు గోక్కోవడానికి పనికొచ్చింది. కాలికి కట్టు వేసి మంచానికి అప్పగించినవాడికి గోక్కోవడమే పెద్ద పని. ఇవాళ అదీ అయిపోయింది కాబట్టి రాస్తున్నాను.

చేతిబండి మీంచి, అంటే మనిషే తోలే మోటారు బండి మీంచి పడినవాడు, ఇకపై నడుపుతాడో మానుకుంటాడో తేల్చుకునేదాకా తన చేత్తో దినచర్య రాయాలని దారమ్మ నియమం. దారమ్మంటే ఎవరో కాదు, మన రోడ్డే. రోడ్డుకు తెలివి పెట్టినప్పుడు ఆఫీసువాళ్ళు ఏదో మూరెడు పేరు పెట్టారుగానీ, మాట్లాడేదీ, దారి చూపేదీ, ఎండకి జాగ్రత్తనేదీ అమ్మ కాక ఎవరవుతారు? మా వైపు ఆమె స్తంభాలకి వేపమండలు కూడా కడతారు. వద్దని ఆమె ఎప్పుడూ అనలేదు.

గడువు శ్రావణ శుద్ధ పాడ్యమి. ఆ రోజుకి నడుపుతానని చెప్పకపోతే చేతిచీటీ వెనక్కి పోతుంది. చేతిచీటీ ఉంటేనే మనిషి తన చేతులతో బండి తోలవచ్చు. కొత్తవి ఇవ్వడం మానేసి చాలాకాలమైంది. ఈ కొండల్లో మిగిలినవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు, వాటిలో మా ఇంటిది ఒకటి.

నాకు చదువేమీ లేదు. నా అక్షరాభ్యాసం మైలురాళ్ళ మీద జరిగింది. మా నాన్న బండి వెనక కూర్చుని ఊరి పేర్లు కూడబలుక్కుంటూ చదవడం నేర్చుకున్నాను. అందుకే నాకు ఊళ్ళ పేర్లు తప్పుల్లేకుండా వస్తాయి, మిగతావన్నీ తప్పులతో వస్తాయి. చదివేవాళ్ళు సర్దుకోవాలి.

ఆషాఢ శుద్ధ విదియ

పడ్డ సంగతి రాయలేదని దారమ్మ గుర్తుచేసింది. రాస్తున్నాను.

నేనూ మా అక్క మాణిక్యమ్మా పిలుపులవాళ్ళం. పెళ్ళికి పిలవాలంటే ఇప్పుడు ఎవరూ కదలక్కర్లేదు, దారమ్మ చిటికెలో అన్ని ఇళ్ళ గోడల మీదా శుభలేఖ వేసేస్తుంది. కానీ గోడ మీది శుభలేఖ చూసి మా కొండల్లో ఎవరూ పెళ్ళికి రారు. గుమ్మంలోకి మనిషి వచ్చి, ఇల్లాలికి బొట్టు పెట్టి, "మీరందరూ తరలి రావాలి" అంటేనే పిలుపు. ఇంటివాళ్ళకేమో అన్ని ఊళ్ళూ తిరిగే ఓపికలేదు. వాళ్ళ బదులు మేం తిరుగుతాం. బండి నేను తోలతాను, బొట్టు అక్క పెడుతుంది. బావ పోయిన కొత్తల్లో ఒకావిడ అక్క చేతి బొట్టుకి మొహం చిట్లించింది. "పెట్టించుకోకపోతే మాన్లే, ఒక విస్తరి మిగులుద్ది" అని అక్క కుంకుమభరిణె మూసేసింది. ఆ ఇల్లాలు గుమ్మం దిగి వచ్చి నుదురు చాపింది. ఆ తర్వాత ఎవరూ ఆ ఊసు ఎత్తలేదు. నాకు మాత్రం పెళ్ళి కాలేదు. ఊరందరి పెళ్ళిళ్ళకీ పిలుస్తూ తిరిగేసరికి నాదానికి తీరిక చిక్కలేదు.

మా బండి నాన్న నాటిది. కానుగ నూనెతో నడుస్తుంది, డబడబమంటుంది. పడ్డనాడు ఎర్రమెట్ట మలుపు దిగుతున్నాం. నేను అక్కకి కథ చెబుతున్నాను. నేను కథ చెప్పకుండా బండి నడిపింది లేదు. వెనకటికి ఒక పిలుపులవాడు ఒకే పేరున్న రెండు ఊళ్ళలో తప్పు ఊరికి వెళ్ళి, తప్పు ఇంట్లో బొట్టు పెట్టించి వచ్చిన కథ అది. కథ కొసకి వచ్చింది. "ఇంతకీ ఆ పెళ్ళికి వచ్చిన ఆ బలగమంతా ఎవరంటే..." అని, అక్క మొహం చూద్దామని వెనక్కి తిరిగాను. కొస చెప్పేటప్పుడు ఎదుటివాళ్ళ మొహం చూడకపోతే కథ చెప్పడమెందుకు?

ముందు గేదె ఉంది.

గేదెని తప్పుపట్టను. మనిషి చెయ్యి లేకుండా దారమ్మ నడిపే మూతబండ్లు, మేం గూళ్ళంటాం, ఏ జీవి అడ్డం వచ్చినా టక్కున ఆగిపోతాయి. తరాల తరబడి అది చూసి చూసి మా వైపు గేదెలకి రోడ్డంటే మంచం. వచ్చేదేదైనా ఆగుతుందని వాటి నమ్మకం. చేతిబండి ఆగదని దానికి ఎవరు చెప్పారు?

గేదెని తప్పించాను, బండరాయిని తప్పించలేకపోయాను. నా ఎడమకాలు రెండు ముక్కలైంది. అక్కకి పక్కటెముక చిట్లింది. అన్నిటికంటే పెద్ద నష్టం, ఆ సీజను మొత్తానికి పట్టించిన కుంకుమ, భరిణె పగిలి, నామీదా అక్కమీదా రోడ్డుమీదా గేదెమీదా పడింది. దారమ్మకి కుంకుమకీ నెత్తురుకీ తేడా తెలియదు. ఆ మలుపులో ఏదో ఘోరం జరిగిందని చుట్టుపక్కల ఉన్న ఆసుపత్రి గూళ్ళన్నీ పంపేసింది. దిగిన డాక్టరమ్మ మమ్మల్ని చూసి బావురుమంది. అక్క పడుకునే, "ఏడవబాకమ్మా, అద్ది నుదుటికి పెట్టుకో, మంచి కుంకుమ" అంది.

నెత్తినిండా కుంకుమతో గేదె మాత్రం కూర్చున్నచోటే ఉంది. దాన్నీ పెళ్ళికి పిలిచినట్టే లెక్క.

ఆషాఢ శుద్ధ షష్ఠి

పరామర్శలు. వచ్చిన ప్రతివాళ్ళూ బత్తాయిలు తెస్తున్నారు. మంచం కింద చోటు చాలక అక్క మంచం కిందికీ పాకాయి. ఒక్కో బత్తాయికీ ఒక్కో ప్రమాదం కథ ఉచితం. చిన్నాన్న బండి మీంచి పడిన కథలు, తాతగారు ఎద్దు మీంచి పడిన కథలు, ఒకాయనైతే ఏమీ దొరక్క అరుగు మీంచి పడిన సంగతి చెప్పాడు. అందరూ ఒకే మాటతో లేస్తున్నారు. ఇంకెందుకండీ ఈ వయసులో అని.

ఈ వయసులో కాకపోతే ఏ వయసులో? పడుచువాడు పడితే ముందు బోలెడు బతుకుంది, నష్టం. నేను పడితే ఏముంది? అయితే ఇది నా ఒక్కడి లెక్క కాదని నాకు తెలుసు. వెనక అక్క ఉంటుంది.

మేనకోడలు వకుళ సాయంత్రం వచ్చింది. అక్క కూతురు. దారమ్మ ఆఫీసులోనే ఉద్యోగం, మా వైపు రోడ్డంతా తన చేతికిందే. అందుకే నన్ను దారమ్మ మందలించినా, వకుళ మందలించినా నాకు ఒకటే గొంతులా వినిపిస్తుంది. వచ్చీరాగానే బత్తాయి ఒలిచి నా నోట్లో పెట్టింది, నేను మాట్లాడకుండా.

"మామా, నిన్ను బతిమాలను, బెదిరించను. ఒక్క మాట అడుగుతా. ఆ రోజు ఆసుపత్రి గూళ్ళన్నీ పంపింది దారమ్మ కాదు, నేను. ఎర్రగా కనబడ్డది మా అమ్మ. అంతే. ఇప్పుడు నువ్వే చెప్పు."

నోట్లో బత్తాయి ఉందని తప్పించుకున్నాను.

వెళ్తూ వెళ్తూ డాక్టరు మాట చెప్పింది. ఎముక లేపనంతో కాలు అతుక్కుంటుంది, నడుస్తాను. కానీ ఎడమ చీలమండ ఇకమీద పూర్తిగా వంగదు. మా బండికి గేరు ఎడమకాలితోనే.

ఇదంతా వింటూ అక్క పెరట్లో గోరింటాకు రుబ్బుతోంది. ఆషాఢం కదా. ఒక్క మాట కూడా కలపలేదు. మా అక్క మాట కలపకపోవడానికి నాకు కాలు విరిగినప్పటికంటే ఎక్కువ భయమేసింది.

తొలి ఏకాదశి

కట్టు మార్చారు. కర్ర పట్టుకుని నడవగలుగుతున్నాను. ఉపవాసమని చెప్పి ఇంట్లోవాళ్ళు రకరకాల ఫలహారాలు తింటున్న వేళ, సందుచూసుకుని బండి ఉన్న వసారాలోకి వెళ్ళాను.

బండికి పెద్దగా ఏమీ కాలేదు. మనకంటే గట్టిది. దీపం పగిలింది, అద్దం పోయింది. స్టాండు మీదే ఉండగా ఎక్కి కూర్చున్నాను. హేండిలు పట్టుకోగానే మోచేతుల దాకా వణుకు. బండి కదలడంలేదు, ఇంజను మూగగా ఉంది, ఎదురుగా కోడిపెట్ట తప్ప ఏ శత్రువూ లేదు. అయినా చేతులు ఆగలేదు. మడమతో గేరు నొక్కి చూశాను. కాలు మాట వినలేదు.

నాకు భయమంటే తెలియదని ఎన్నో సభల్లో చెప్పుకున్నాను. సభలంటే టీ కొట్లే. ఇప్పుడు తెలిసింది. కొత్త చుట్టంలా ఉంది, ఎప్పుడు పోతుందో అడగలేం.

దిగబోతూ ఒకటి గమనించాను. హేండిలుకి నేను చుట్టిన తెల్లగుడ్డ మీద రెండువైపులా ఎర్రటి మరక. ముట్టుకుని చూస్తే గోరింటాకు. అక్క పండిన చేతులు కడుక్కోకుండానే వచ్చి బండిని నిమిరిందన్నమాట. వీడ్కోలు చెప్పుకుందేమో అనుకున్నాను. ఇంకాసేపు అక్కడే కూర్చుంటే ఏడుపొచ్చేది. కోడిపెట్ట చూస్తోందని లోపలికి వచ్చేశాను.

ఆషాఢ బహుళ చవితి

చింతలపాయ నుంచి కబురు. శ్రావణంలో పెళ్ళి, పిలుపులు మావే కావాలట. ఆషాఢం ఉన్నన్నాళ్ళూ పెళ్ళిళ్ళు లేవు కాబట్టి ఎవరూ అడగలేదు, నేను హాయిగా ఆలోచన వాయిదా వేశాను. ఇక శ్రావణం ముంచుకొస్తోంది.

వకుళ ఒక ఉపాయం చెప్పింది. బండెందుకు, గూట్లో వెళ్ళి పిలవండి అని. ఆ మాటా న్యాయమే. సరే చూద్దామని దగ్గర్లోని రెండు పల్లెలకి మచ్చుకి పిలుపుల కోసం నేనూ అక్కా గూడెక్కాం. మెత్తటి సీటు, చల్లటి గాలి, కిటికీలో కొండలు సినిమాలా జారిపోతున్నాయి. దారమ్మ నన్ను మంచినీళ్ళు కావాలా అనికూడా అడిగింది. కథ చెబుదామని నోరు తెరిచాను. అంతలోనే ఊరొచ్చింది.

గూడు స్తంభం దగ్గరే ఆగుతుంది, సందుల్లోకి రాదు. దిగి కర్రతో కుంటుకుంటూ మొదటి ఇంటికి చేరేసరికి తలుపు వేసి ఉంది. తట్టితే ఎంతకీ తీయలేదు. తీసిన ఇల్లాలు చెంగుతో పిండిచేతులు దాచుకుని, ముందుగా తెలియక ఇట్టా ఉన్నానని ఒకటే నొచ్చుకుంది. రెండో ఇంట్లో ఎవరో సరుకులు తెచ్చారనుకుని కిటికీలోంచే, అరుగు మీద పెట్టి వెళ్ళమన్నారు. కుక్కలు సైతం మొరగలేదు.

అప్పుడు తెలిసింది నాకు ఇన్నేళ్ళ మా పనేమిటో. మా బండి ఊరి పొలిమేర దాటకముందే డబడబమని వినబడుతుంది. ఆడవాళ్ళు మొహాలు కడుక్కుని, గుమ్మంలో నీళ్ళు చల్లి, ఎవరింటి పెళ్ళో అని పందేలు వేసుకుని మరీ నిలబడతారు. ఆ చప్పుడే సగం పిలుపు. అక్క బొట్టు మిగతా సగం.

తిరిగివస్తూ అక్క ఒక్కటే అంది. "శవం ఊరేగినా ఇంతకన్నా సందడిగా ఉంటదిరా."

ఆషాఢ బహుళ ఏకాదశి

రోజూ మధ్యాహ్నం కాలికి వ్యాయామమని గూడెక్కి ఆసుపత్రికి వెళ్ళివస్తున్నాను. అక్కడ డాక్టరమ్మ నా చీలమండని పిండి పిసికినట్టు పిసుకుతుంది. ఇవాళ ఇక వంగేది ఇంతేనంది. మంచిమనిషి, అబద్ధం చెప్పదు.

ఇంటికి వచ్చి అక్క పక్కన కూర్చుంటే కానుగ నూనె వాసన వేసింది. కానుగ నూనె దీపాలక్కూడా వాడతారు, పట్టించుకోలేదు. నా మనసంతా చెప్పదలుచుకున్న మాట మీదే ఉంది.

అన్నం తిన్నాక చెప్పేశాను. కాలు వంగదు. చేతులు వణుకుతున్నాయి. అదంతా పక్కనపెట్టినా, మళ్ళీ తోలితే మళ్ళీ కథ చెబుతాను, కొస వచ్చేసరికి మళ్ళీ వెనక్కి తిరుగుతాను. అది నా చేతిలో లేదు. ఈసారి పక్కటెముకతో పోదు. కాబట్టి చేతిచీటీ ఇచ్చేస్తున్నాను, బండిని పాతవస్తువుల శాలకి ఇచ్చేద్దాం, పిల్లలు చూస్తారు అన్నాను. ఇంత పొడుగు మాట మధ్యలో ఒక్క పిట్టకథ లేకుండా చెప్పడం నా జీవితంలో అదే మొదలు.

అక్క విస్తరి మడిచి, నీళ్ళు తాగి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"అయిందా?"

"అయింది."

"చీటీ ఎవరి పేరన ఉందిరా?"

"నా పేరనే."

"నీ పేరన కాదు. ఇంటి పేరన. ఇంటికొకటి అని ఇచ్చిన్నాడు నువ్వూ నేనూ చింతగింజలేసుకున్నాం, నీకు పందెం పడింది. అంతకుముందు నీకు ఈ బండి నేర్పిందెవరు?"

నేర్పింది అక్కే. నాన్న నాకు మైలురాళ్ళు నేర్పాడు, అక్క క్లచ్చు నేర్పింది. నేను గడ్డివాములో దూరిన ప్రతిసారీ బండిని ముందు లేపి, తర్వాత నన్ను లేపేది. ఇన్నేళ్ళు వెనక కూర్చుని ఉంటే, ఆమె ఎప్పుడూ వెనకే కూర్చుందని నా బుర్రకి నేనే నచ్చజెప్పుకున్నాను.

"రోజూ నువ్వు ఆసుపత్రికి పోగానే మిరపకల్లంలో తిప్పుతుండా," అంది అక్క, చారులో ఉప్పు తగ్గిందన్నంత మామూలుగా. కల్లమంటే మిరపకాయలు ఆరబోసుకునే మా సొంత నేల, ఇప్పుడు ఖాళీ. అక్కడ దారమ్మ మాట చెల్లదు. "గేర్లు బాగానే పడుతున్నయ్. కిక్కు ఒక్కటే నావల్ల కావట్లా, వాలు మీంచి దొర్లించి లేపుకుంటుండా. నీ కుడికాలు బాగానే ఉంది గదా?"

గుడ్డ మీది గోరింటాకు వీడ్కోలు కాదన్నమాట.

మరి నేనేం చేయాలి అనడిగాను.

"కిక్కు కొట్టి ఎనకెక్కు. భరిణె పట్టుకో. నీ కథలు ఎనకనుంచి చెప్పు, తిరగాల్సిన పన్లేదు. నా మొహం కనబడదనేగా నీ బాధ? కొత్త అద్దం బిగించుకో."

ఆషాఢ అమావాస్య

వకుళకి చెప్పడం నా వంతని అక్క తీర్మానించింది. చెప్పాను. వకుళ ముందు నవ్వింది, తర్వాత నేను నవ్వకపోవడం చూసి ఆపేసింది. తర్వాత ఇద్దరం బత్తాయిలు తిన్నాం, ఇంకా మిగిలే ఉన్నాయి.

ఇంటి చీటీ మనిషి మారాలంటే దారమ్మ స్తంభం ముందు నడిపి చూపించాలి. ఇవాళ పొద్దున్నే ఊరి చివర ఖాళీ రోడ్డు మీద పరీక్ష. వకుళే అధికారి. కన్నతల్లిని పరీక్షించాల్సి వచ్చినందుకు చేతులు నలుపుకుంటూ నిలబడింది. ఊరు ఊరంతా వచ్చింది. అరుగు మీంచి పడిన ఆయన కూడా వచ్చి, ఈసారి అరుగుకి దూరంగా నిలబడ్డాడు.

అక్క చీరకట్టు బిగించి, నాన్న పాత హెల్మెట్టు పెట్టుకుంది. నేను కిక్కు కొట్టాను. మూడో దెబ్బకి డబడబమంది, కొత్త భరిణె పట్టుకుని వెనకెక్కాను. ఆ చప్పుడుకి నా చేతులు మళ్ళీ వణుకుతాయేమో అనుకున్నాను. భరిణె పట్టుకుని ఉన్నాయి కదా, వాటికి వేరే పనుంది, వణకలేదు.

అక్క తిన్నగా వెళ్ళింది. మలుపు తిరిగింది. ఆగమన్నచోట ఆగింది. అడ్డం వదిలిన మేకని చూసి గేరు తగ్గించి, దానికి దండం పెట్టినంత నెమ్మదిగా దాటింది. చివర్లో దారమ్మ అడిగింది, "మాణిక్యమ్మ గారూ, మొన్నటి ప్రమాదంలో మీరూ గాయపడ్డారు. భయం లేదా?"

"ఉంది. అందుకే నేను తోలుతుండా," అంది అక్క.

చీటీ పేరు మార్చాలా అని దారమ్మ వకుళని అడిగింది. వకుళ తల్లి వైపు చూసింది, నా వైపు చూసింది, కళ్ళు తుడుచుకుంటూ ఒక షరతు పెట్టింది. భరిణెకి గట్టి మూత ఉండాలి.

మార్చమంది.

శ్రావణ శుద్ధ విదియ

చింతలపాయ పెళ్ళికి బండి మీద పిలుపులు మొదలు. పొద్దున మంచు విడవకముందే బయల్దేరాం. రాత్రి చినుకులకి కొండలు కడిగిన గిన్నెల్లా ఉన్నాయి. వెనక సీటు నుంచి లోకం వేరేగా ఉంటుందని నాకు చిన్నప్పటి తర్వాత ఇవాళే తెలిసింది. ముందున్నవాడికి రోడ్డు కనబడుతుంది, వెనకున్నవాడికి ఊరు కనబడుతుంది. ఇన్నేళ్ళూ ఎంత చూడలేదో! ఈ దారిలో ఇన్ని సీతాఫలం చెట్లున్నాయని అక్క ఒక్కసారి కూడా చెప్పలేదు. అడిగితే, చెబుదామంటే నువ్వు నోరు మూస్తేగదా అంది.

ఊళ్ళలోకి వెళ్ళకముందే గుమ్మాల్లో నీళ్ళు చల్లి ఉన్నాయి. ముందు అక్క, వెనక నేను ఉండటం చూసి పిల్లలు ఈలలు వేశారు. ఒక ముసలమ్మ అక్క చేతులు పట్టుకుని, గోరింటాకు ఇంత ఎర్రగా ఎట్టా పండిందమ్మా అనడిగింది. హేండిలు గుడ్డకి ఇంకా ఎర్రగా పండిందిలే అన్నాను.

ఎర్రమెట్ట మలుపు దగ్గరికి వచ్చేసరికి మాట ఆపి భరిణె మూత గట్టిగా నొక్కి పట్టుకున్నాను. అక్క గేరు తగ్గించింది. కొత్త అద్దంలో ఆమె సగం మొహం కనబడుతోంది.

"ఏందిరా గమ్మునైపోయావు? ఆ కథ మిగతాది చెప్పు. ఆ బలగమంతా ఎవురు?"

చెప్పాను. ఎవరో ఎవరికీ తెలియదు. తప్పు ఊరివాళ్ళయినా బొట్టు పెట్టి పిలిచారు కాబట్టి తప్పక వచ్చారు. వచ్చారు కాబట్టి పెళ్ళివాళ్ళు మర్యాద చేశారు. మర్యాద చేశారు కాబట్టి వాళ్ళింటి పెళ్ళికి వీళ్ళని పిలిచారు. అప్పట్నుంచి పెళ్ళిళ్ళకీ బారసాలలకీ రెండు కుటుంబాలకీ రాకపోకలు. మీరు మాకేమవుతారని అడగడానికి రెండువైపులా మొహమాటం. పోయిన ఏడు ఆ ఇంటి పిల్లని ఈ ఇంటి పిల్లాడికి చేసుకున్నారు, ఇక అడగాల్సిన పని తప్పిందని!

అక్క నవ్వింది. అద్దంలో చూశాను. హెల్మెట్టు ఊగింది, భుజాలు ఊగాయి, హేండిలు మాత్రం ఊగలేదు.

మలుపు తిరగ్గానే రోడ్డు మధ్యలో గేదె కూర్చుని ఉంది. అదే. కొమ్ముల మధ్య కుంకుమ మరక ఇంకా పోలేదు. అక్క బండి ఆపింది. ఇంజను ఆపలేదు.

గేదె మావైపు చూసింది. లేచి పక్కకి తప్పుకుంది.